అమ్మదోన విన్నపం

కనకవీటి మహానగరం ఆ వసంతోత్సవంలో ఒళ్ళు మరచి ఉన్నది. తూర్పు కోటవాకిలి మొదలుకొని రాజనగరు దాకా బారులు తీరిన మేడల మీద పసుపు పతాకలు రెపరెపలాడుతుండగా, చందనం కలిపిన నీళ్ళను చిమ్మనగ్రోవులతో ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ పురజనులు కేరింతలు కొడుతుండగా, ఏనుగుల గంటలూ, మద్దెలల మోతలూ, పూలమ్మేవారి కేకలూ కలగలిసి నగరమంతా ఒక్కటే హోరుగా ఉన్న వేళ, ఉత్తరపు వాకిట్లోంచి నిలువెల్లా దుమ్ముకొట్టుకుపోయిన మనిషి ఒకడు నడిచి వచ్చాడు. ఎవరో పడుచువాడు సరదాకు అతని మొహాన చిమ్మనగ్రోవితో నీళ్ళు కొట్టాడు. ఆ మనిషి నవ్వలేదు, కోపగించుకోలేదు. పెదవుల మీద పడిన నీళ్ళను నాలుకతో తుడుచుకుని ముందుకు సాగిపోయాడు.

అతని పేరు మాచన. కనకవీటి రాజ్యానికి ఉత్తరపు తలుపు వంటి గద్దరాయి దుర్గంలో విన్నపాలు పలికే ఉద్యోగం అతనిది. దుర్గాధిపతి తరఫున రాజసభలో నిలిచి, చెప్పవలసిన సంగతిని సభకు తగిన తీరులో చెప్పడం ఆ ఇంటి వాళ్ళకు తాతల నాటి వృత్తి. మాచన నోరు విప్పితే కొండరాళ్ళు కూడా ఊ కొడతాయని గద్దరాయి భటులు వేళాకోళమాడేవారు. ఆ వేళాకోళంలో గర్వమే ఎక్కువ, ఆ గర్వంలో మాచన వాటా ఇంకా ఎక్కువ. ఇప్పుడా దుర్గాన్ని ఎగువసీమ రాయడి సేన నాలుగు వైపులా ముట్టడించి కూర్చున్నది. లోపల దండనాథుడు కేతనాయకుడూ, అతని భటులూ, పల్లెలు విడిచి వచ్చి తలదాచుకున్న పిల్లాపాపలూ ముసలీముతకా ఉన్నారు. వాళ్ళ నడుమ మాచన భార్య మేడాంబ ఉన్నది.

గద్దరాయికి ప్రాణం అమ్మదోన. దోన అంటే మరేమీ కాదు, కొండ నెత్తిన రాతిలో ఏర్పడిన నీటిగుండం. వానలు నింపితే ఏడాది పొడుగునా కోటంతా తాగేది ఆ నీళ్ళే. శత్రువుల యంత్రం విసిరిన బండ ఒకటి దోన గట్టున పడి రాతిని నిలువునా చీల్చింది. చీలికలో గుడ్డలు కూరారు, మైనం పోశారు, సున్నం మెత్తారు. ఏం చేసినా నీళ్ళు ఆగలేదు. కోటవాళ్ళు తాగవలసిన నీళ్ళను కొండే తాగేస్తున్నది.

బయలుదేరేముందు కేతనాయకుడు మాచనను కోటవాకిట నిలబెట్టి ఇలా చెప్పాడు.

"మాచనా, నిన్ను పంపడానికి నాకు సంతోషమూ ఉన్నది, భయమూ ఉన్నది. రాజ్యంలో నీ అంత మాటకారి లేడు, అది సంతోషం. ఆ సంగతి నీకు తెలుసు, అది భయం. నువ్వు చెప్పవలసినవి మూడే ముక్కలు. దోన పగిలింది. నీళ్ళు అమావాస్య దాటి రావు. దక్షిణపు రేవు మీదుగా సేనను పంపండి, లేదా కోట విడిచి రమ్మని సెలవియ్యండి. ఇవి ముందు చెప్పు. ఆ తరువాత నీకు ఓపిక ఉంటే తెల్లవార్లూ వర్ణించుకో, నేను కాదనను. ప్రభువు ఏమన్నా ఆ మాట తెచ్చి నాకు చెప్పు. వస్తామంటే వస్తామన్నారని చెప్పు, రామంటే రామన్నారని చెప్పు. ఏదైనా తట్టుకుంటాను గాని, తెలియకపోతే మాత్రం నేనేమీ చెయ్యలేను."

రాజాజ్ఞ లేనిదే ప్రాణంతో ఆ గడప దాటనని కత్తి మీద చెయ్యి వేసి ప్రమాణం చేసినవాడు కేతనాయకుడు. ఆ ప్రమాణం సంగతి కోటలో పసివాళ్ళకు కూడా తెలుసు. దూతను ఆపరాదన్నది ఆనాటి యుద్ధనీతి కనుక శత్రుభటులు పక్కకు తొలగి మాచనకు దారి ఇచ్చారు. ఇస్తూ ఇస్తూ వాళ్ళు ముసిముసిగా ఎందుకు నవ్వారో అతనికి అంతుపట్టలేదు.

రాజనగరులో అతనికి ఎదురు వచ్చినవాడు మహామంత్రి నామనప్రెగ్గడ. కుట్ర అనగానే విషపు గిన్నెలూ ముసుగు మనుషులూ తలచుకునేవాళ్ళు ఈ ప్రెగ్గడను చూసి ఉండరు. ఆయన పెళ్ళిపెద్దలాగా ఉండేవాడు. ఎవరు వచ్చినా తానే లేచి ఎదురు వెళ్ళేవాడు, భోజనం చేశారా అని అడిగేవాడు. అటువంటి మనిషి గద్దరాయి పడిపోయాక ఉత్తరపు సీమను తన అల్లుడికి ఇప్పించేటట్టు ఎగువసీమ రాయడితో లోపాయికారీగా మాట పుచ్చుకొని కూర్చున్నాడు. అడ్డమల్లా కేతనాయకుడే. ఆ నాయకుడు కబురు పంపకుండా ఆపితే నింద తన మీదికి వస్తుంది. అందుకని ప్రెగ్గడ కబురును ఆపదలచుకోలేదు.

మాచన స్నానం కూడా చెయ్యకుండా మూడు ముక్కలూ ఆయన చెవిన వేశాడు. ప్రెగ్గడ కళ్ళు చెమర్చాయి. అవసరమైనప్పుడు ఆయన కళ్ళు చెమర్చేవి.

"మాచనార్యా, ఎంత కష్టం వచ్చిపడింది! ఈ క్షణమే నేను ప్రభువుకు విన్నవించగలను. కానీ మంత్రి నోట విన్నది మంత్రి మాటే అవుతుంది. దాని మీద పదిమంది పది రకాలుగా తర్కిస్తారు. రేపు నిండు కొలువున మీరు విన్నపాల అరుగెక్కి పలకండి. సభ సభంతా లేచి కత్తులు అందుకుంటుంది. మీ తండ్రిగారు పలికిన నాడు నేను పడుచువాణ్ణి. ఆ గొంతు మళ్ళీ ఎప్పుడు వింటానా అని ఇన్నేళ్ళూ చెవులు కాచుకొని ఉన్నాను."

"నాయకుడు ముందు ఆ మూడు ముక్కలే చెప్పమన్నాడు," అన్నాడు మాచన. ఆ మాట అంటున్నప్పుడే అతని గొంతులో పట్టు సడలింది.

"నాయకుడు శూరుడు. కత్తితో ఎక్కడ కొట్టాలో ఆయనకు తెలుసు, మాటతో ఎక్కడ కొట్టాలో మీకు తెలుసు. కష్టం చెప్పుకునేవాళ్ళు ప్రభువు దగ్గరకు రోజూ వస్తూనే ఉంటారు. ముందు ఆ దోన ఎంత చల్లనిదో చెప్పండి. ఆ నీళ్ళ రుచి ప్రభువు నాలుక మీద నిలవనివ్వండి. అప్పుడు అది లేదని చెప్పండి. గుండె పగిలిపోదూ?"

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది మంచి సలహాయే. దారి పొడుగునా మాచన తనలో తాను అల్లుకుంటూ వచ్చిన విన్నపం కూడా సరిగ్గా అదే. ఏళ్ళ తరబడి భటులకూ గొర్రెలకాపరులకూ తప్ప మరెవరికీ వినిపించని గొంతు అది. ఒక్కసారి రాజసభలో మోగాలని దానికి మాత్రం ఉండదా! అతను సరేనన్నాడు.

ఆ సభ మర్యాద ఒకటి ఇక్కడ చెప్పాలి. విన్నపాల అరుగు మీద నిలిచినవాడు ముందు వేల్పులను తలచి, తరువాత రాజవంశాన్ని పొగిడి, ఆపైన తన సీమను వర్ణించి, చిట్టచివర కోరిక చెప్పుకోవాలి. ప్రభువు విని స్వయంగా తాంబూలం ఇస్తాడు. ఆ ఆకు అందుకున్నవాడు ఆ సంగతి మీద ఆ కొలువులో మళ్ళీ నోరెత్తరాదు. వాడు అందుకోనంతవరకు ప్రభువైనా సరే కొలువు విడిచి పోరాదు. ఎవరు పెట్టారో గాని, పెట్టిన నాడు అది విన్నపం చేసుకునేవాడి మేలు కోరి పెట్టినదే.

మర్నాటి కొలువులో వల్లభదేవ మహారాజు పూలదండలతో, పండుగ మొహంతో కూర్చుని ఉన్నాడు. మాచన అరుగెక్కాడు. వేల్పులను తలచాడు, వంశాన్ని పొగిడాడు. ఆ తరువాత గొంతు తగ్గించి దోన దగ్గరకు వచ్చాడు.

"మహాప్రభూ, అవధరించండి! గద్దరాయి శిఖరాన, గద్దలు సైతం అలసి వాలే చోట, మీ తాతగారు శూలపు మొనతో చూపిన తావున ఒక దోన ఉన్నది. దాని పేరు అమ్మదోన. నడివేసవిలో చెయ్యి ముంచితే మోచేతి దాకా జివ్వుమంటుంది. అడుగున పడిన సూది పైకి కనబడేటంత తేట. కాపలా దిగిన భటుడు దోసిలి పట్టి తాగితే యుద్ధం మరచి ఇంటి ముంగిలి తలచుకుంటాడు. బాలింత తాగితే చంటివాడికి పాలు పడతాయి. ఆ నీరు తాగిన కేతనాయకుడికి అలుపు లేదు, ఆ నీటితో సున్నం కలిపి కట్టిన గోడకు బీట లేదు. ఎండకు నోరెండిన బాటసారి ఆ దోన పేరు తలచినా చాలు, మహాప్రభూ, గొంతు తడుస్తుంది!"

సభలో చామరాలు వీచే చేతులు ఆగిపోయాయి. ముసలి సామంతుడొకడు తెలియకుండానే గుటక వేశాడు. మాచన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ ఆగడంలోనే ఉన్నది అసలు పనితనం. తరువాతి మాట "అటువంటి దోన పగిలిపోయింది ప్రభూ" అన్నది. అది అతని నాలుక చివర సిద్ధంగా ఉన్నది.

"భళా!" అన్నాడు నామనప్రెగ్గడ.

అంతే, సభ మొత్తం భళా అన్నది. చప్పట్లు, శంఖాలు, ఉత్తరీయాలు గాలిలోకి ఎగరడాలు. ప్రెగ్గడ చేతిలోకి తాంబూలపు పళ్ళెం ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. మహారాజు కళ్ళు తుడుచుకుంటూ లేచి వచ్చాడు.

"మాచనా, మా తాతగారి దోనను మా కళ్ళకు కట్టావు. అటువంటి నీళ్ళున్న కోటను ఎవడు పట్టుకోగలడయ్యా!" అంటూ జరీశాలువ అతని భుజాన కప్పి తాంబూలం చాచాడు.

చిన్ననాటి నుంచి తండ్రి ఆ చేతులకు చేసిన అలవాటు ఒకటే. ప్రభువు ఆకు చాస్తే అవి కూడా చాచుకుంటాయి. మాచన చాచాలనుకోలేదు, చేతులు చాచుకున్నాయి. తమలపాకుల చల్లదనం అరచేతికి తగిలాక గాని అతనికి స్పృహ రాలేదు.

"ప్రభూ, ఒక్క మాట..."

వేత్రధారి తన కర్రతో నేలను గట్టిగా తాకించాడు. పెద్దలంతా మాచన వంక పెళ్ళిపంక్తిలో ఎంగిలి చేసినవాణ్ణి చూసినట్టు చూశారు. ఇద్దరు భటులు మర్యాదగానే మోచేతులు పట్టుకుని అతణ్ణి అరుగు దింపారు.

వెలుపలి మండపంలో మాచన ప్రెగ్గడ కాళ్ళు పట్టుకున్నాడు. "చెప్పనే లేదు మహామంత్రీ! అసలు మాట చెప్పనే లేదు!"

"కంగారెందుకు? తెలిసినవాడికి చెప్పకుండానే అర్థమవుతుంది. పైగా నిండు సభలో దోన పగిలిందంటే వేగులవాళ్ళ చెవిన పడదూ? దైవమే మీ నోరు ఆపింది. ఏకాంతంలో నేను విన్నవిస్తానుగా, నిశ్చింతగా భోజనం చెయ్యండి."

పొద్దున్నే మహారాజు వనవిహారానికి ఏనుగెక్కి బయలుదేరాడు. అమావాస్య వెళితే గాని తిరిగి రారని నగరంలో అనుకున్నారు. ప్రెగ్గడ ఏమీ విన్నవించలేదని మాచనకు అప్పుడు అర్థమైంది. కొలువు దాటిన వీధిలో ఆకు కట్టుబాటు లేదు కదా అని జనాన్ని తోసుకుంటూ ఏనుగుకు అడ్డం పరుగెత్తాడు. "ప్రభూ! దోన పగిలింది! నీళ్ళు లేవు! జనం చచ్చిపోతున్నారు ప్రభూ!" అని గొంతు చిరిగేలా అరిచాడు.

"అడుగో, విన్నపాల మాచన!" అన్నారు ఎవరో. "నిన్నటి దాని తరువాయి అందుకున్నాడు!"

"ఆ గొంతు చూడు, నిజంగా ఏడుస్తున్నట్టే ఉంది!"

"మళ్ళీ! మళ్ళీ చెప్పు స్వామీ!"

జనం చప్పట్లు కొట్టారు. ఆ హోరులో అతని మాట అతనికే వినబడలేదు. అంబారీ మీద నుంచి మహారాజు నవ్వి, తన మెడలోని పూలదండ తీసి అతని వైపు విసిరాడు. అది మాచన పాదాల దగ్గర పడింది. ఏనుగు వెళ్ళిపోయింది.

ఆ దండను చూస్తూ నిలబడ్డవాడికి ఎక్కడో లోపల ఏదో ఆగిపోయింది. ఏడుపు రాలేదు, ప్రెగ్గడ మీద కోపం కూడా రాలేదు. పంటికి మందు పెట్టినప్పుడు దవడ మొద్దుబారినట్టు మనిషంతా మొద్దుబారిపోయాడు. ఒకే సంగతి మిగిలింది. అక్కడ గోడల మీద జనం దక్షిణపు రేవు వైపు కళ్ళు కాయలు కాచేలా చూస్తూ ఉంటారు. సేన వస్తుందనుకుని రోజుకింత నీళ్ళు దాచుకుంటూ చచ్చిపోతారు. రాదని వాళ్ళకు చెప్పాలి. ఎందుకు చెప్పాలో అతనికి అంతకు మించి తోచలేదు. ఉత్తరపు వాకిలి దాటి నడక మొదలుపెట్టాడు.

దారిలో ఏమి తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో తరువాత ఎవరడిగినా అతను చెప్పలేకపోయాడు. ముట్టడి దళాల నడుమ ఎగువసీమ దళపతి ఒకడు అతణ్ణి ఎగాదిగా చూసి "శాలువ బాగుంది" అన్నాడు. అప్పుడు గాని తన భుజాన శాలువ ఉన్నదని మాచనకు గుర్తు రాలేదు. గుర్తు వచ్చాక కూడా దాన్ని తీసి పారెయ్యాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఆ ఆలోచన రాకపోవడమే కొంప ముంచింది. శాలువతో తిరిగి వచ్చిన దూత పని సాధించుకొచ్చినట్టే లెక్క. ఎండలో తళతళలాడుతున్న జరీని గోడ మీది కాపలావాడు చూశాడు. కోటలో భేరి మోగింది. ఎన్నాళ్ళుగానో లేవని గొంతులు లేచాయి. వాకిలి తెరిచేసరికి లోపల జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ నవ్వుతున్నారు. నవ్వుతుంటే పగిలిన పెదవుల నుంచి నెత్తురు కారుతున్నది. అది ఎవరికీ పట్టలేదు.

మేడాంబ ముందుకు వచ్చింది. ఆమె చేతిలో ఇత్తడి చెంబు ఉన్నది. శుభవార్త తెచ్చినవాడికి కాళ్ళకు నీళ్ళివ్వకుండా ఎలా అని, ఇంటింటి వాటాలో నుంచి గుక్కెడు గుక్కెడు పోసి ఆ చెంబు నింపారు. చంటిపిల్లల వాటా కూడా అందులో ఉన్నది.

"రండి," అన్నది ఆమె. ఆమె మొహం సగానికి సగం అయిపోయింది. "వస్తారని నాకు తెలుసు. కాళ్ళు కడుక్కోండి."

చెంబు వంచింది. మొదటి ధార అతని పాదం మీద పడి దుమ్ములో ఇంకిపోయింది. గుమిగూడిన వాళ్ళలో ఒక ముసలివాడు ఆ తడిసిన మట్టి వంక చూస్తూ చప్పరించాడు.

"పొయ్యకు," అన్నాడు మాచన.

ఆమె అర్థంకాక చూసింది. అందరూ చెవులు రిక్కించారు. మాచన నోరు విప్పాడంటే దేవతల నుంచి మొదలుపెడతాడని వాళ్ళకు తెలుసు.

"సేన రాదు. నేను చెప్పలేదు. ప్రభువుకు తెలియదు. సేన రాదు."

తన జన్మలో అతను అంత పొట్టి విన్నపం పలకలేదు. ఒక్కరు కూడా మళ్ళీ చెప్పమనలేదు. భేరి ఇంకా మోగుతూనే ఉన్నది, పైనున్న వాడికి వినబడలేదు కనుక. ఎవరో వెళ్ళి ఆపించారు. మేడాంబ చెంబును నిదానంగా నిలబెట్టి, మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, పక్కనున్న బాలింతకు ఇచ్చేసింది.

కేతనాయకుడు బురుజు దిగి వచ్చాడు. మాచన జరిగినదంతా చెప్పాడు. అరుగు, దోన వర్ణన, భళా, ఆకు, పూలదండ. పొడిపొడిగా, పరాయివాడి సంగతి చెప్పినట్టు చెప్పాడు. వింటున్నంతసేపూ నాయకుడు అతని మొహమే చూశాడు.

"నన్ను చంపించండి," అన్నాడు మాచన చివరికి.

"నిన్ను చంపి నేనేం చేసుకోను? ఇప్పుడు చెప్పావు కదా. సేన వస్తుందనుకునేవాడు నీళ్ళను ఒక రకంగా వాడతాడు, రాదని తెలిసినవాడు ఇంకో రకంగా వాడతాడు. ఇవాళ్టి దాకా మేము తప్పుగా వాడుతున్నాం. ఆ పాటి చాలు." నాయకుడు జనం వైపు తిరిగాడు. "అమ్మలారా, అయ్యలారా! దాచిన నీళ్ళన్నీ బయటికి తీసి పిల్లలకూ ముసలివాళ్ళకూ కడుపునిండా తాగించండి. మీరు నడవాలి. ఈ కోటను నేను రాయడికి అప్పగిస్తున్నాను."

"మరి మీరు?" అన్నది మేడాంబ.

"నాకు రాజాజ్ఞ లేదు తల్లీ."

"ఆ రాజు సేనను పంపలేదు నాయకా! అటువంటివాడికి ఇంకా ఏం బాకీ ఉన్నారు మీరు?" ఆమె గొంతు అప్పుడు పగిలింది.

కేతనాయకుడు కొంచెం నవ్వాడు. "తెలిసీ పంపకపోతే ఈపాటికి నేనూ తిట్టుకుంటూ మీ వెంట నడిచేవాణ్ణే. ఆయనకు తెలియనే తెలియదు. తెలియనివాడి మీద అలిగి ప్రమాణం తప్పమంటావా?"

మాచనకు ఆ మాట వినబడింది. మనిషి లోపల ఎక్కడో అది గుచ్చుకోవాలి. గుచ్చుకోలేదు. ఊరికే విన్నాడు.

ఆ మధ్యాహ్నం అతను ఎగువసీమ రాయడి డేరా ముందు నిలబడ్డాడు. శాలువ లేదు. "కోట ఇస్తాం. జనాన్ని తాకకుండా పోనివ్వండి. వాళ్ళు రేవు చేరాక మా నాయకుడు వాకిట్లో కత్తితో ఉంటాడు. ఆయనతో కొందరుంటారు," అన్నాడు.

రాయడు ఎదురుచూశాడు. "అంతేనా? నువ్వు గొప్ప మాటకారివని విన్నాను."

"అంతే."

రాయడు అతని కళ్ళలోకి చాలాసేపు చూశాడు. ఆ కళ్ళలో వెతకడానికి ఏమీ కనబడలేదు కాబోలు, కత్తిని ఒరలోకి తోసి "ఒప్పుకున్నాను" అన్నాడు. శత్రువైనా ఆ మాట మీద నిలబడ్డాడు.

మాచన కూడా వాకిట్లో ఉండిపోతానన్నాడు. నాయకుడు అతణ్ణి భుజం పట్టి బయటికి తోశాడు. "నువ్వు పోతే ఎట్లా? నేను చెప్పమన్న ముక్కలు ఇంకా నీ దగ్గరే ఉన్నాయి. ఎవరికి చెప్పమన్నానో వారికి చెప్పి రా."

జనం రేవు దాటుతుండగా వెనుక కొండ మీద కత్తుల చప్పుడు మొదలైంది. చిన్నవాళ్ళు వెనుదిరిగి చూశారు, పెద్దవాళ్ళు చూడలేదు. నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగిన మనుషులు వంగి పశువుల్లాగా నదిలో నోళ్ళు పెట్టి తాగుతున్నారు. మాచన తాగలేదు. చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు.

వాళ్ళు ఈసురోమంటూ కనకవీడు చేరేసరికి అక్కడ వేరే కథ నడుస్తున్నది. కేతనాయకుడు ధనానికి ఆశపడి కోటను అమ్ముకున్నాడని ప్రెగ్గడ నగరమంతా చాటించాడు. అన్ని నీళ్ళూ అంత గోడా ఉన్న దుర్గం ద్రోహం లేనిదే పడుతుందా అని జనం కూడా నమ్మారు. ఆ నీళ్ళ సంగతి వాళ్ళకు చెప్పినవాడు మాచనే కదా!

కొత్త కొలువు, కొత్త విన్నపాలు. మాచన అరుగెక్కగానే సభ సర్దుకుని కూర్చున్నది, చెవులకు విందు దొరికిందని. అతను వేల్పులను తలచలేదు. వంశాన్ని పొగడలేదు.

"అమ్మదోన పగిలింది. నీళ్ళు అమావాస్య దాకానే ఉన్నాయి. సేనను పంపండి, లేదా విడిచి రమ్మనండి అని కేతనాయకుడు నన్ను పంపాడు. నేను నీళ్ళ రుచి చెప్పాను, పగిలిందని చెప్పలేదు. ముందే తెలిసిన ప్రెగ్గడ భళా అని మీ చేత ఆకు ఇప్పించాడు. రమ్మన్న మాట మీ నుంచి రాలేదని నాయకుడు వాకిట్లోనే చచ్చిపోయాడు."

"భళా!" అన్నాడు ప్రెగ్గడ. గొంతు కొంచెం కీచుమన్నది. "ఏమి కల్పన! ప్రభూ, తాంబూలం!"

ఎవరూ వంత పాడలేదు. పళ్ళెం ముందుకు వచ్చింది. ఏమి చెయ్యాలో తోచని మహారాజు అలవాటు చొప్పున ఆకు తీసి చాచాడు. మాచన చేతులు ఈసారి కదలలేదు. వాటిని ఛాతీ మీద కట్టుకున్నాడు.

సభలో గుసగుసలు లేచి అణగిపోయాయి. ఆకు అందుకోనంతవరకు ప్రభువు కొలువు విడవరాదు, సభ లేవరాదు. వల్లభదేవుడి చెయ్యి అలాగే చాచి ఉండిపోయింది.

"నీకేం కావాలి మాచనా?" అన్నాడు చివరికి.

"నేను ఏం చెప్పానో మీరొకసారి చెప్పండి ప్రభూ. విన్నారని నాకు తెలియాలి."

వేత్రధారి కర్ర ఎత్తాడు. మహారాజు కనుసన్నతో దాన్ని దించాడు.

"దోన పగిలింది," అన్నాడు మహారాజు. సొంత నోట ఆ మాట వినేసరికి ఆయన మొహం మారిపోయింది. "నీళ్ళు లేవు. సేన పంపమని అడిగారు. లేదా రమ్మనమని..." అక్కడ ఆగిపోయాడు. మాచన సాయం చెయ్యలేదు. "రమ్మంటే వచ్చేవాడా?"

"వచ్చేవాడు."

"నేను పూలదండ విసిరాను కదయ్యా."

"అవును ప్రభూ."

మహారాజు కళ్ళు అప్పుడు నామనప్రెగ్గడ మీదికి మళ్ళాయి. పెళ్ళిపెద్ద మొహంలో నవ్వు ఇంకా ఉన్నది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉన్నది. మంత్రిముద్రికను అక్కడికక్కడే ఊడదీయించారు. గద్దరాయి వాకిలి పేరు ఇకమీదట కేతనాయకుడి వాకిలి అని ఆ సభలోనే ప్రకటించారు. ఆ వాకిలి అప్పటికే పరాయివాడిది.

అప్పుడు మాచన చేతులు చాచి ఆకు అందుకున్నాడు.

మెట్ల మీద మేడాంబ కూర్చుని ఉన్నది. "చెప్పారా?" అని అడిగింది.

"చెప్పాను."

"విన్నారా?"

"విన్నారు."

ఆమె లేచింది. పక్కనున్న చలివేంద్రం నుంచి ముంతతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మాచన ముంతను రెండు చేతులతో పట్టుకుని నీళ్ళ వంక చూశాడు. అవి ఎలా ఉన్నాయని ఆమె అడిగింది.

"నీళ్ళే," అన్నాడు మాచన, తాగాడు.